దొంగ గుర్తు – తొమ్మిదో భాగం: చింపని కార్డు

పోయిన వారం మనం లేబులమ్మని సోఫా అంచున, చేతిలో అల్లుడి ఫోనుతో, గాల్లోకి లేచిన చూపుడువేలితో అలాగే కూర్చోబెట్టి వచ్చేశాం. వారం రోజులు ఆవిడ వేలు అలా ఆగిపోయిందని కంగారు పడకండి. ఆటలో గడిచింది నాలుగు క్షణాలే.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. లేబులమ్మ ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో సబ్బు రేపర్లకీ, అగ్గిపెట్టెలకీ, నోటుపుస్తకాల అట్టలకీ బొమ్మలు గీసిన మనిషి. ఆ పేరు ప్రెస్సువాళ్ళు పెట్టిందే. ఇప్పుడు కన్నకూతురు కూడా కోపం వస్తే అదే అంటుంది. ఆవిడకో చెల్లెలు, ముద్దుపేరు పిచ్చిక. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుని గీసేవాళ్ళు. పదకొండేళ్ళ కిందట ఇద్దరూ కలిసి గీసిన ఒక సబ్బు రేపరు మీద అక్క పేరొక్కటే అచ్చయి వచ్చింది. పిచ్చిక ఆ కాగితాన్ని అందరి ముందూ నిలువునా చింపేసి, కుంచెల డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత అక్క వెతకని చోటు లేదు, రాయని ఉత్తరం లేదు.

ఇక ఫోను సంగతి. అల్లుడు కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షలు చేస్తాడు. సెలవు పూట మాత్రం కార్డుల ఆటలో మునిగిపోతాడు. ఆ కార్డులు చేతికి తగలవు, జేబులో పట్టవు. ఏ కార్డు ఎవరిదో ఒక పెద్ద రిజిస్టరులో రాసి ఉంటుందనీ, దాని పేరు బ్లాక్‌చెయిననీ అతను ఎన్ని విధాల చెప్పినా అత్తగారు "లేని కార్డులకి లెక్కలు కూడానా!" అని నవ్వుతూనే ఉంది. చివరికి విసిగిపోయి, "పోనీ ఊరికే ఆడి చూడండత్తయ్యా. సాధన అని ఒకటుంది. కార్డులు వాళ్ళే అరువిస్తారు, ఆటయ్యాక వాళ్ళే తీసుకుంటారు" అన్నాడు.

"ఊరికేనా?" అంది లేబులమ్మ, కళ్ళజోడు సర్దుకుంటూ.

ఆ ఒక్క మాటకి ఆవిడ పడిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. పెన్ను కొనాలన్నా ముందు చిత్తు కాగితం మీద గీసి చూడాల్సిందే. గుడ్డ కొనాలన్నా ముందు ఒక పీలిక చేతికివ్వాల్సిందే. ప్రెస్సులో ప్రూఫు చూడకుండా ఒక్క కాగితం కూడా మిషను ఎక్కనివ్వలేదు. అలా సాధనకి దిగిన ఆవిడకి ఎదురుగా కూర్చున్నది మనిషి కాదు, మెషీను. అది రెండో ఆటలో మొదటి కార్డు దించింది. ఒక గది, ఒక బల్ల, బల్ల మీద దీపం, పక్కన ఖాళీ కుర్చీ. కుర్చీ నీడ దీపానికి దూరంగా పడాలి కదా? పడలేదు. దీపం వైపే పడింది.

ఇదిగో, ఇక్కడే మనం ఆగాం.

"అత్తయ్యా, టైమైపోతోంది! ముప్ఫై సెకండ్లే ఇస్తారు. కొట్టండి దాన్ని!" అల్లుడు సోఫా వెనక నుంచి మెడ సాచాడు.

"ఆగు బాబూ."

"ఆగడానికేముంది? అది సున్నా కార్డు. ఒంట్లో బలం లేదు. కొడితే పైగా మీకు మూడు ప్రాణాలు అదనంగా వస్తాయి. నేనైతే కళ్ళు మూసుకుని కొట్టేస్తాను."

"కొడితే ఏమవుతుంది దానికి?"

"చిరిగిపోతుంది. పర్రుమని చప్పుడు కూడా వస్తుంది, భలే ఉంటుంది."

లేబులమ్మ వేలు వెనక్కి తీసేసుకుంది. టైమైపోయింది. ఆవిడ వంతు గాలికి పోయింది. మెషీను ఒక పులిని దించి ఆవిడ ఇరవై ప్రాణాల్లోంచి నాలుగు పట్టుకుపోయింది.

అల్లుడు తల పట్టుకున్నాడు. పాపం అతని తప్పేముంది? అత్తగారు ఆటలో ఓడుతోందని అతని బాధ. అత్తగారు ఆ క్షణంలో ఆటలో లేనే లేదు. ప్రెస్సు గుమ్మం దగ్గర నిలబడి, రెండు ముక్కలైన సబ్బు రేపరు నేలమీద పడడం చూస్తోంది.

"బాబూ, ఇలా వచ్చి కూర్చో. నీకో సంగతి చెప్పాలి" అంది.

ఆ రోజుల్లో ఒక ప్రెస్సు లేబులుని ఇంకో ప్రెస్సువాడు చడీచప్పుడు లేకుండా దింపేసుకునేవాడు. అందుకని గీసేవాళ్ళు బొమ్మలో కావాలనే ఒక తప్పు పెట్టేవాళ్ళు. దాన్నే దొంగ గుర్తు అనేవాళ్ళు. నకలు కొట్టేవాడు ఆ తప్పుని కూడా శ్రద్ధగా కొట్టి, అడ్డంగా దొరికిపోయేవాడు. లేబులమ్మ గుర్తు ఆరు వేళ్ళ చెయ్యి. సబ్బు పట్టుకున్న ఆడమనిషి చేతికి ఆరు వేళ్ళుంటే ముప్ఫై ఏళ్ళలో ఒక్క కొనుగోలుదారూ లెక్కపెట్టలేదు. పిచ్చిక గుర్తు నీడ. దీపం ఎటుంటే నీడా అటే.

అల్లుడు విన్నాడు. విని, ఒకసారి ఫోనునీ ఒకసారి అత్తగారినీ చూశాడు. తర్వాత తల గోక్కున్నాడు.

"అత్తయ్యా, నేనిలా అంటున్నానని ఏమీ అనుకోకండి. ఈమధ్య ఇలాంటి బొమ్మలు కంప్యూటర్లే గీసేస్తున్నాయి. వాటికి నీడలూ తెలీవు, వేళ్ళూ తెలీవు. తప్పులు కుప్పలు కుప్పలుగా ఉంటాయి. ఇది పిన్నిగారే గీశారని ఎలా చెప్తాం?"

మంచి ప్రశ్నే. లేబులమ్మకి గుండెలో చిన్న ముల్లు దిగినట్టయింది. పదకొండేళ్ళలో ఇలా ఆశపడి భంగపడడం ఆవిడకి కొత్త కాదు. పిచ్చిక పేరున్న ప్రతి బొమ్మ వెనకా వెళ్ళింది, ప్రతిసారీ ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు తలుపు తీశారు. ఈసారి కూడా అంతేనేమో. అయినా బొమ్మ ఎదురుగా ఉండగా చూడకుండా ఎలా ఉంటుంది?

"నా కుంచెల డబ్బా ఇటు తే" అంది.

డబ్బాలోంచి ప్రెస్సు రోజుల నాటి బుల్లి భూతద్దం బయటికొచ్చింది. దాన్ని ఫోను అద్దం మీద బోర్లించి, ఒక కన్ను మూసి, ముక్కు దాదాపు ఆనించి చూసింది. లోపల బొమ్మ లేదు, గీత లేదు. ఎర్రవీ పచ్చవీ నీలివీ చుక్కలు బారులు తీరి కనబడ్డాయి.

"మీ వాళ్ళు మూడు రంగులతోనే లాగించేస్తున్నారే! మాకు అచ్చులో నాలుగు రంగులు లేనిదే పని జరిగేది కాదు."

"అత్తయ్యా, మళ్ళీ మీ వంతు! గద్ద వచ్చింది మీ మీదికి!"

"రానీ."

గద్ద వచ్చి మూడు ప్రాణాలు పట్టుకుపోయింది. పక్కగదిలో బట్టలు ఇస్త్రీ చేస్తున్న కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా గోల? ఆయన్ని ఫోను వదలమని నిన్ను పంపిస్తే నువ్వే పట్టుకు కూర్చున్నావా?"

"నువ్వుండవే. పిచ్చిక పిన్ని దొరికిందేమో చూస్తున్నాం."

కూతురి విసుగు అక్కడే ఆగిపోయింది. మెల్లగా వచ్చి తల్లి పక్కన, సోఫా చేతి మీద కూర్చుంది.

అల్లుడు ఈలోగా తెర మూల ఉన్న చిన్న గుర్తు నొక్కి, కార్డు పుట్టుపూర్వోత్తరాలు తెరిచాడు. గీసినవాళ్ళ పేరుండాల్సిన చోట అంకెలూ అక్షరాలూ కలగలిసిన మూర పొడుగు వరస ఒకటి ఉంది.

"ఇదేం పేరు?"

"ఇక్కడ పేర్లుండవత్తయ్యా. ఇదే గుర్తు. మూడేళ్ళ కిందట ఈ గుర్తున్నవాళ్ళు ఈ కార్డు తయారుచేశారు. అప్పట్నుంచీ వాళ్ళ దగ్గరే ఉంది."

"ఎవరైనా దీన్ని చెరిపేసి, వాళ్ళ గుర్తు పెట్టుకుంటే?"

"కుదరదు. ఒకటే రిజిస్టరు వేలమంది కంప్యూటర్లలో ఉంటుంది. ఒకచోట చెరిపినా మిగతావి ఒప్పుకోవు."

లేబులమ్మ ఆ పొడుగాటి వరసని వేలితో తడిమింది. ఎవరూ చెరపలేని రిజిస్టరు! అలాంటిది మా ప్రెస్సులో ఒకటి ఏడ్చి ఉంటే ఇవాళ నా పక్కన ఇంకో కుర్చీ ఉండేది కదా అనుకుంది. అల్లుడి లేని కార్డుల మీద ఆవిడకి మొదటిసారి గౌరవం పుట్టింది. ఆ ముక్క మాత్రం పైకి అనలేదు.

"అన్నట్టు, ఇదేంటి చిత్రంగా ఉంది?" అల్లుడు కళ్ళు చిట్లించాడు. "ఈ కార్డుని ఒక్కసారి కూడా అసలాటకి ఇవ్వలేదు. అమ్మకానికీ పెట్టలేదు. కేవలం సాధనకి అరువిచ్చారు. అలా ఎవరూ చెయ్యరే! డబ్బు పెట్టి ఆడేవాళ్ళకి ఈ కార్డు కనబడనే కనబడదు."

"మరి ఎవరికి కనబడుతుంది?"

"ఊరికే చూసిపోయేవాళ్ళకి."

ఆ మాట అన్నప్పుడు అతనికేమీ తట్టలేదు. తట్టాల్సినవాళ్ళకి తట్టింది. కూతురు తల్లి వైపు చూసింది. తల్లి ఫోను వైపే చూస్తోంది, పెదవులు బిగించి.

"ఇప్పుడు ఈ ఆట ఓడిపోతే?" అని అడిగింది.

"మీకేం పోదు. ఊరికే కదా. కాకపోతే ఆట మూసేస్తుంది. మళ్ళీ ఈ కార్డే వస్తుందో రాదో చెప్పలేం. వేల కార్డుల్లోంచి ఏదిస్తుందో దాని ఇష్టం."

"గెలిస్తే?"

"అప్పుడూ మూసేస్తుంది."

"అయితే ఓడకుండా, గెలవకుండా ఆడాలి."

అల్లుడు నీళ్ళు నమిలాడు. ఆరేళ్ళుగా ఆడుతున్నాడు, అతన్ని ఇంతవరకూ ఇలాంటి కోరిక ఎవరూ కోరలేదు. "అలా ఆడడం నాకు రాదండీ" అన్నాడు నిజాయితీగా.

"నాకూ రాదు. ఇద్దరం కలిసి నేర్చుకుందాం. నా చేతిలో ఏమున్నాయి?"

ఉన్నవి నాలుగు. రెండు కత్తులు, ఒక గోడ, ఒక గొడుగు. కత్తులు పక్కన పెట్టించింది. మూడో వంతుకి గోడ దించింది. పులి వచ్చి గోడకి తలబాదుకుని వెళ్ళింది. మెషీను గద్ద పైనుంచి వచ్చి మళ్ళీ మూడు తీసుకుంది. నాలుగో వంతుకి గొడుగు విప్పింది. గద్ద గొడుగు మీద వాలి, తెల్లమొహం వేసి ఎగిరిపోయింది. కూతురు చప్పట్లు కొట్టింది. లేబులమ్మకి కూడా నవ్వొచ్చింది. అంతలో మెషీను ఏనుగుని దించింది. ఏనుగు గోడనీ గొడుగునీ తొక్కేసి, ఆరు ప్రాణాలు పట్టుకుపోయింది.

"ఎన్ని మిగిలాయి?"

"నాలుగు. వచ్చే దెబ్బకి ఆట అయిపోతుందత్తయ్యా." అల్లుడి గొంతులో ఇప్పుడు నిజమైన కంగారు ఉంది. "ఒక్కటే దారి. ఆ కుర్చీ కార్డుని కొట్టెయ్యండి. మూడు ప్రాణాలొస్తాయి, ఇంకో వంతు నిలబడతారు. బొమ్మ ఎలాగూ చూసేశారు కదా."

"చూసేశాను."

"మరి?"

"నా చేత్తో చింపలేను బాబూ. అది పిచ్చిక గీసింది కాకపోయినా సరే. ఏ కంప్యూటరో తప్పుగా గీసిందైనా సరే. ఆ చప్పుడు నేను ఒకసారి విన్నాను, చాలు."

తెర మీద అంకెలు దిగుతున్నాయి. పది, తొమ్మిది, ఎనిమిది. లేబులమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టేసుకుంది. అల్లుడు ఒకసారి వేలు చాచబోయి, భార్య చూసిన చూపుకి మళ్ళీ ముడుచుకున్నాడు. మూడు, రెండు, ఒకటి. ఐదో వంతు కూడా ఊరికే పోయింది.

ఏనుగు కదలాలి. కదల్లేదు.

ఖాళీ కుర్చీ కార్డు తనంతట తాను వణికి, మెల్లగా తెర మీద పక్కకి తిరిగి, బోర్లా పడింది. పులీ గద్దా ఏనుగూ మాయమైపోయాయి. తెరంతా ఆ ఒక్క కార్డు పరుచుకుంది.

"ఇదేంటి! దీనికి రెండో వైపు ఉందా?" అల్లుడు ఎగిరి సోఫా ముందుకి వచ్చాడు. "ఐదు వంతులు ఎవరూ కొట్టకుండా వదిలేస్తే తిరుగుతుందన్నమాట! మూడేళ్ళలో ఎవడూ వదిలి ఉండడు. సున్నా కార్డుని, పైగా మూడు ప్రాణాలిచ్చేదాన్ని ఎవడు వదులుతాడు?"

రెండో వైపు కూడా అదే గది. అదే బల్ల, అదే దీపం. కుర్చీ మాత్రం ఖాళీగా లేదు, పక్కన ఇంకోటి కూడా ఉంది. ఇద్దరాడవాళ్ళు వీపులు ఇటు పెట్టి, భుజం భుజం ఆనించుకుని గీసుకుంటున్నారు. పెద్దామె నీడ పడాల్సిన వైపే బుద్ధిగా పడింది. చిన్నామె నీడ దీపం వైపుకి పారిపోయింది. పెద్దామె కుంచె పట్టుకున్న చేతికి వేళ్ళు ఎన్నో కూతురు పైకే లెక్కపెట్టింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు..." ఆగి, తల్లి భుజం పట్టుకుంది. "అమ్మా."

లేబులమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగి బొమ్మ అలుక్కుపోతుంటే, కొంగుతో కళ్ళు కాకుండా ఫోను తుడిచింది.

బొమ్మ కింద చిన్న అక్షరాలున్నాయి. "చింపకుండా ఉంచినవాళ్ళు ఇక్కడ నొక్కండి." నొక్కింది. ఒక గడి తెరుచుకుంది. అందులో ఒకటే ప్రశ్న.

"ఆ ఆరింట్లో దొంగ వేలు ఏది?"

"చివరి చిటికెన వేలే కదా?" అన్నాడు అల్లుడు. "ఎవరైనా అదనపు వేలు చివర్నే తగిలిస్తారు."

"పప్పులో కాలేశావు బాబూ. చివర తగిలిస్తే ఎవరైనా పట్టేస్తారు. మధ్య వేలు రెండుసార్లు గీయాలి. కంటికి ఒకే వేలు అనిపించాలి. ఆ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు."

అల్లుడు టైపు చేసి పెడతానన్నాడు. ఒప్పుకోలేదు. ఒక్కో అక్షరాన్ని వెతికి వెతికి, చూపుడువేలితో పొడిచి పొడిచి తనే రాసింది. "మధ్య వేలు. రెండోది." పంపింది.

జవాబు లేదు. కూతురికి ఇస్త్రీపెట్టె గుర్తొచ్చి పరుగెత్తింది. చొక్కా చేతి మీద గోధుమరంగు మచ్చ పడనే పడింది. అల్లుడి చొక్కాయే. అతను చూసి కూడా ఏమీ అనలేదంటే ఆ గదిలో ఉత్కంఠ ఎంత ఉందో మీరే అర్థం చేసుకోండి. లేబులమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసి ఫలితాల కోసం కూర్చున్న పిల్లలా గోడ గడియారం చూస్తోంది. మూడేళ్ళ కిందట పెట్టిన కార్డు. ఇప్పుడా మనిషి అక్కడ ఉందో లేదో. ఉన్నా చూస్తుందో లేదో. చూసినా పలుకుతుందో లేదో.

ఫోను ఒళ్ళో గిలగిల్లాడింది.

"అక్కా, నువ్వింకా ఊరికే ఇచ్చేవే ముందు చూస్తున్నావా?"

లేబులమ్మ పెద్దగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే "గాడిద, గాడిద! నా సంగతి తెలిసి, నా కోసమే పెట్టింది చూడు" అని అల్లుడి వీపు మీద రెండు దరువేసింది. దెబ్బలు గట్టివే, అయినా అతను కూడా నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అంతవరకూ మొహమైనా చూడని పిన్నిగారి మీద అతనికి ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. ఊరికే చూసిపోయేవాళ్ళకే కనబడే కార్డు ఎందుకు పెట్టారో అతనికి ఇప్పటికి తట్టింది.

ఎక్కడున్నావు, ఎలా ఉన్నావు, తింటున్నావా అని అడగాల్సినవి వంద ఉన్నాయి. పదకొండేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట మాత్రం ఒకటే. ముందు అది దిగితే గానీ మిగతావి రావు. లేబులమ్మ మళ్ళీ వేలు సాచింది. ఈసారి అక్షరాలు కాస్త తొందరగానే దొరికాయి.

"ఆ రేపరు మీద నీ పేరు తీయించింది నేను కాదే పిచ్చికా. ఒట్టు."

అటువైపు రాస్తున్నట్టు మూడు చుక్కలు ఎగిరాయి. ఆగాయి. మళ్ళీ ఎగిరాయి. కూతురు కాలిన చొక్కా చేత్తో పట్టుకునే వచ్చి నిలబడింది. ముగ్గురూ చూస్తుండగా జవాబు వచ్చింది.

"తెలుసక్కా. తీయించింది నేనే."

లేబులమ్మ కళ్ళజోడు తీసి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివింది. అక్షరాలు మారలేదు.

"మరి ఆవేళ అందరి ముందూ చింపి వెళ్ళడం దేనికత్తయ్యా?" అన్నాడు అల్లుడు, గుసగుసగా.

పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న వేసుకోవాల్సిన అవసరమే రాలేదు ఆవిడకి. ఫోనులో మూడు చుక్కలు మళ్ళీ ఎగరడం మొదలుపెట్టాయి.